సైనిక ఉపగ్రహ రేడియో: విడిభాగం పుట్టుపూర్వోత్తరాలు

అమెరికా సైన్యం 1990ల నుంచి వాడిన వీపు రేడియో ఒకటుంది. కాగితాల మీద దాని పేరు ఏఎన్/పీఎస్‌సీ-5, వాడుకలో స్పిట్‌ఫైర్. పేరులోని మూడక్షరాలకూ అర్థముంది. పీ అంటే మనిషి మోసుకెళ్లేది, ఎస్ అంటే ప్రత్యేక తరహాది, సీ అంటే అటూ ఇటూ మాట్లాడుకునే సాధనం. గొడుగులా విచ్చుకునే యాంటెన్నాను ఉపగ్రహం వైపు తిప్పి హ్యాండ్‌సెట్ మీట నొక్కితే, మాట దాదాపు 36,000 కిలోమీటర్ల పైకి వెళ్లి మరో ఖండంలో దిగుతుంది. ఇందులో ఎన్నో చిన్న చిన్న వస్తువులు కలిసి పనిచేయాలి. బ్యాటరీ, హ్యాండ్‌సెట్ తీగ, యాంటెన్నా కీలు, లోపలి బోర్డు మీద వేలిగోరంత చిప్పు, వీటిలో ఏది మొరాయించినా కొండల మధ్య చిక్కుకున్న దళానికి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోతుంది.

అలా మొరాయించిన భాగానికి బదులు భాగం ఎక్కడి నుంచి వస్తుంది? ఇది కొట్టుకెళ్లి తెచ్చుకునే వ్యవహారంలా కనిపిస్తుంది. లోపలికి చూస్తే కంపెనీల జాతకాలు, చిప్పుల మార్కెట్, నకిలీల బజారు, దేశాల మధ్య ఆంక్షలు, అన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూ అల్లుకుని ఉంటాయి. అన్నింటినీ కలిపే దారం ఒకటే: ఆ భాగం ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతులు మారింది, దానికి రుజువేమిటి. ధర, డెలివరీ తేదీ ఆ తర్వాతి సంగతులు.

ముందుగా, ముప్పై ఏళ్ల నాటి రేడియోలకు ఇంకా విడిభాగాలు ఎందుకు వెతకాలన్న సందేహం రావచ్చు. కారణం ఆకాశంలో ఉంది. అమెరికా నౌకాదళం 1978లో మొదటి ఫ్లీట్‌శాట్‌కామ్ ఉపగ్రహాన్ని ప్రయోగించింది. 1993 నుంచి యూఎఫ్ఓ శ్రేణి ఉపగ్రహాలు దాని చోటు తీసుకున్నాయి. 2012 ఫిబ్రవరిలో మొదటి మ్యూవోస్ ఉపగ్రహం ఎగిరింది. మ్యూవోస్ సెల్‌ఫోన్ నెట్‌వర్క్ తరహాలో పనిచేసే కొత్త వ్యవస్థ, పాత రేడియోలకు ఆ భాష రాదు. అయినా ప్రతి మ్యూవోస్ ఉపగ్రహం మీదా పాత పద్ధతిలో పనిచేసే పరికరాన్ని కూడా అమర్చారు. నేల మీద వేల రేడియోలు ఒక్కరోజులో మారవని వాళ్లకు తెలుసు. పైన ఉపగ్రహం పలుకుతున్నంత కాలం కింద పాత రేడియో బతికే ఉంటుంది, దానికి మందూ మాకూ కావలసిందే.

ఈలోగా రేడియో చేసిన కంపెనీయే చేతులు మారుతుంది. స్పిట్‌ఫైర్ మూలాలు ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్‌వేన్‌లో ఉన్న మాగ్నవాక్స్ సైనిక విభాగంలో ఉన్నాయి. ఆ విభాగాన్ని 1990ల మధ్యలో హ్యూస్ కొన్నది. 1997లో హ్యూస్ రక్షణ వ్యాపారం రేథియన్‌లో కలిసింది. ఆ తర్వాత ఎక్కువగా వాడుకలోకి వచ్చిన పీఆర్‌సీ-117 రేడియోలు చేసిన హారిస్, 2019లో ఎల్3తో కలిసి ఎల్3హారిస్ అయింది. డ్రాయింగులు, పరీక్షల లెక్కలు, ఏ చిప్పు ఎవరి దగ్గర కొన్నారన్న వివరాలు ప్రతి విలీనంలోనూ ఒక గదిలోంచి మరో గదికి మారతాయి. ఆ గదుల గురించి తెలిసిన మనుషులు మాత్రం రిటైరవుతుంటారు.

పదమూడు అంకెల చిరునామా

సైనిక విడిభాగాన్ని పేరుతో అడిగేవాళ్లు ఉండరు, నంబరుతో అడుగుతారు. నాటో కూటమి పద్ధతిలో వస్తువులకిచ్చే స్టాక్ నంబరులో పదమూడు అంకెలుంటాయి. ఈ రేడియోలలో వేసే బీఏ-5590 బ్యాటరీ నంబరు 6135-01-036-3495. మొదటి నాలుగంకెలు జాతిని చెబుతాయి: 6135 అంటే రీచార్జి కాని బ్యాటరీలు, 5820 రేడియో పరికరాలు, 5935 కనెక్టర్లు, 5962 ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు, 5985 యాంటెన్నాలు. తర్వాతి రెండంకెలు ఆ నంబరు ఇచ్చిన దేశానివి. 01 అమెరికాది, భారత్‌ది 72. చివరి ఏడంకెలు ఆ ఒక్క వస్తువుకే చెందుతాయి. దీనికి తోడు తయారీదారుకు ఐదక్షరాల కేజ్ కోడు ఉంటుంది. స్టాక్ నంబరు వస్తువు ఏమిటో చెబితే, కేజ్ కోడు ఎవరు చేశారో చెబుతుంది. రెండూ సరిపోలితేనే అన్వేషణ మొదలైనట్టు.

అమెరికా సైన్యం మాన్యువళ్లలో ప్రతి భాగం పక్కనా మరో చిన్న కోడు కనిపిస్తుంది, ఉదాహరణకు పీఏవోజెడ్‌జెడ్. మొదటి రెండక్షరాలు ఆ భాగం గోదాంలో నిల్వ ఉంటుందా, ఎలా తెప్పించుకోవాలి అన్నది చెబుతాయి. మూడో అక్షరం దాన్ని మార్చే అధికారం ఎవరిదో చెబుతుంది: వాడుతున్న దళానిదా, వెనుక ఉన్న వర్క్‌షాపుదా, లేక డిపోదా. నాలుగోది బాగుచేయవచ్చా లేదా, ఐదోది పాడైతే ఎవరు పారేయాలి. ఈ ఐదక్షరాలు చదవడం రాకపోతే ఎన్ని వెబ్‌సైట్లు గాలించినా లాభం లేదు. దళం మార్చకూడని భాగాన్ని దళం కొనుక్కున్నా అది పెట్టెలోనే మగ్గుతుంది. బోర్డు స్థాయి మరమ్మతులన్నీ పెన్సిల్వేనియాలోని టోబిహానా సైనిక డిపో లాంటి చోట్లకు, లేదా తయారీ కంపెనీకే వెళ్తాయి. రహస్య సంకేత భాష నడిపే భాగాల కథ పూర్తిగా వేరు. వాటికి ప్రత్యేక ఖాతాలు, ఒక్కొక్కదానికీ లెక్క, విప్పడానికి ప్రత్యేక అనుమతి ఉంటాయి. బహిరంగ మార్కెట్లో అలాంటిది కనిపించిందంటే, అమ్మేవాడినైనా కొనేవాడినైనా విచారించాల్సిన రోజు వచ్చిందని అర్థం.

బ్యాటరీ నేర్పిన పాఠం

బీఏ-5590 చూడటానికి ఇటుకలా ఉండే, సుమారు కిలో బరువున్న లిథియం సల్ఫర్ డయాక్సైడ్ బ్యాటరీ. లోపల పది సెల్లులు ఐదేసి చొప్పున రెండు జట్లుగా ఉంటాయి. జట్లను కలిపే తీరును బట్టి 12 వోల్టులైనా 24 వోల్టులైనా తీసుకోవచ్చు. వీపు రేడియోలే కాదు, అమెరికా సైన్యంలో పదుల రకాల పరికరాలు దీని మీద నడిచాయి. అందరూ ఒకే సైజు ఒప్పుకోవడం గొప్ప సౌలభ్యం. 2003లో ఇరాక్ యుద్ధం మొదలైనప్పుడు ఆ సౌలభ్యమే ఇరకాటమైంది. అన్ని పరికరాలూ ఒకేసారి ఒకే బ్యాటరీ అడిగాయి. శాంతికాలపు వాడకాన్ని చూసి వేసిన అంచనాలు, డబ్బు సరిగా కేటాయించని యుద్ధ నిల్వలు ఆ గిరాకీ ముందు నిలవలేదు. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం జీఏఓ 2005లో ఇచ్చిన నివేదికలో యుద్ధకాలంలో కొరతపడ్డ కీలక వస్తువుల పట్టికలో ఈ బ్యాటరీ ఉంది. బాడీ ఆర్మర్, లారీ టైర్లు, ట్యాంకు పట్టాల సరసన అన్నమాట.

బ్యాటరీ సాంకేతికంగా కొత్తదేమీ కాదు. ఎలా చేయాలో అందరికీ తెలిసిందే. చిక్కల్లా చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉండటం. సాఫ్ట్, అల్ట్రాలైఫ్ వంటి ఒకటి రెండు కంపెనీలు. శాంతికాలంలో ఆర్డర్లు లేక ఉత్పత్తి లైన్లు నెమ్మదిస్తాయి, యుద్ధం రాగానే రెట్టింపు చేయమంటే లిథియం రేకు నుంచి పనివాళ్ల శిక్షణ దాకా అన్నీ సమయం తింటాయి. ఆ తర్వాత అదే ఆకారంలో రీచార్జి అయ్యే బీబీ-2590 లిథియం అయాన్ బ్యాటరీ వాడకం పెరిగింది. పరికరం మార్చకుండానే బ్యాటరీ రకం మార్చగలిగారు. పెట్టె కొలతలు, ప్లగ్గు అమరిక అందరికీ తెలిసిన ప్రమాణంలో ఉండబట్టే అది సాధ్యమైంది.

నిల్వ చేయడం కూడా చెప్పినంత తేలిక కాదు. లిథియం సల్ఫర్ డయాక్సైడ్ సెల్లు ఏళ్ల తరబడి బీరువాలో ఉన్నా సత్తువ పెద్దగా పోగొట్టుకోదు. లోపల లిథియం మీద ఒక పలుచని పొర కట్టి దాన్ని కాపాడుతుంది. ఆ పొర వల్లే చాలాకాలం తర్వాత వాడినప్పుడు మొదటి కొద్ది క్షణాలు వోల్టేజీ పడిపోతుంది. సంగతి తెలియని వాళ్లు మంచి బ్యాటరీని చెడ్డదనుకుని అవతల పడేస్తారు. రవాణాకు వేరే నిబంధనలున్నాయి. లిథియం మెటల్ బ్యాటరీలు ఐక్యరాజ్యసమితి 3090 నంబరు కింద ప్రమాదకర సరుకు. 2015 జనవరి నుంచి వీటిని ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం నిషిద్ధం. లిథియం అయాన్ బ్యాటరీలకూ 2016 ఏప్రిల్ నుంచి అదే ఆంక్ష. అంటే అత్యవసరంగా కావాల్సిన వస్తువే అన్నింటికంటే నిదానంగా చేరుతుంది.

హ్యాండ్‌సెట్ల పరిస్థితి మేలు. హెచ్-250 హ్యాండ్‌సెట్ చివర ఉండే గుండ్రటి ఐదు లేదా ఆరు పిన్నుల కనెక్టరు సైనిక ప్రమాణం 55116 ప్రకారం తయారవుతుంది. ఆ ప్రమాణం బహిరంగం, ఎవరైనా చదువుకుని చేయవచ్చు. అందుకే రేడియో కంపెనీ మూతపడినా హ్యాండ్‌సెట్ దొరుకుతూనే ఉంటుంది. పాత రేడియోలలో బయట తగిలించే వస్తువులు ఇప్పటికీ మార్కెట్లో ఉండి, లోపలి వస్తువులు లేకపోవడానికి కారణం ఇదే. కొనుగోలు విభాగం ఎంత కష్టపడ్డా, ముప్పై ఏళ్ల కిందట డిజైన్ ఇంజినీరు బహిరంగ ప్రమాణం ఎంచుకున్నాడా, సొంత కంపెనీ ప్రత్యేక అమరిక ఎంచుకున్నాడా అన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

చిప్పు ఆయుష్షు, రేడియో ఆయుష్షు

అసలు కష్టం బోర్డు మీద ఉంది. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు మార్కెట్లోకి వచ్చిన 1960ల్లో వాటి పెద్ద ఖాతాదారు అమెరికా రక్షణ, అంతరిక్ష రంగాలే. ఆ తర్వాత కంప్యూటర్లు, ఫోన్లు వచ్చాయి. ప్రపంచ చిప్పుల మార్కెట్లో సైన్యం వాటా చిటికెడైంది. 1994 జూన్‌లో అప్పటి రక్షణమంత్రి విలియం పెర్రీ, సైనిక ప్రత్యేక ప్రమాణాల బదులు వీలైనచోటల్లా వాణిజ్య ప్రమాణాలే వాడమని ఆదేశించారు. ఖర్చు తగ్గించడం, కొత్త సాంకేతికత త్వరగా అందుకోవడం ఆయన ఉద్దేశం. అందులో తప్పుపట్టడానికి లేదు. అయితే దాంతోపాటు సైనిక పరికరం వాణిజ్య చిప్పు ఆయుష్షుకు కట్టుబడిపోయింది. సెల్‌ఫోన్ చిప్పు కొద్ది ఏళ్లలో పాతబడుతుంది, రేడియో ముప్పై ఏళ్లు నడవాలి. అదే దశాబ్దంలో మోటరోలా, ఇంటెల్ వంటి కంపెనీలు సైనిక గ్రేడు చిప్పుల నుంచి తప్పుకున్నాయి.

చిప్పు ఆపేసే ముందు కంపెనీ సాధారణంగా నోటీసు ఇస్తుంది: ఫలానా తేదీలోపు చివరి ఆర్డరు పెట్టండి. ఇక్కడ లెక్క తప్పితే కోలుకోవడం కష్టం. రేడియో ఇంకెన్నేళ్లు వాడతారో, ఏడాదికి ఎన్ని చెడిపోతాయో తెలియకుండానే ఒకేసారి జీవితకాలానికి సరిపడా కొనాలి. ఎక్కువ కొంటే ఆడిట్ వాళ్లు నిలదీస్తారు, తక్కువ కొంటే పదేళ్ల తర్వాత వచ్చే అధికారి అవస్థపడతాడు. ఈ రెండో తప్పుకు సంతకం చేసినవాళ్లు అప్పటికి ఆ కుర్చీలో ఉండరు కాబట్టి, దాదాపు ప్రతిసారీ తక్కువే కొంటారు.

గడువు దాటాక కూడా ఒక సక్రమ దారి మిగిలే ఉంది. మసాచుసెట్స్‌లోని రాచెస్టర్ ఎలక్ట్రానిక్స్, అరిజోనాలోని లాన్స్‌డేల్ సెమికండక్టర్ వంటి సంస్థలు అసలు కంపెనీ అనుమతితో పాత చిప్పుల డిజైన్లు తీసుకుని మళ్లీ తయారుచేస్తాయి లేదా మిగిలిన నిల్వలను అధికారికంగా అమ్ముతాయి. ధర ఎక్కువే. కానీ ఫ్యాక్టరీ నుంచి కొనేవాడి చేతిదాకా కాగితం తెగదు. ఈ దారి కూడా లేనిచోట బోర్డునే మళ్లీ డిజైన్ చేసి, పరీక్షించి, ధ్రువీకరించాలి. ఒక చిన్న చిప్పు కోసం ఇంత శ్రమా అనిపిస్తుంది. ఆ విసుగులోంచే మూడో దారి పుడుతుంది: అధికారిక గొలుసుకు బయట కొని అమ్మే బ్రోకర్లు.

షెన్‌జెన్ దారి

సైనిక పరికరాల్లో చేరుతున్న నకిలీ ఎలక్ట్రానిక్ భాగాల మీద అమెరికా సెనేట్ సాయుధ సేవల కమిటీ 2011లో బహిరంగ విచారణ జరిపి, 2012 మేలో నివేదిక ఇచ్చింది. 2009, 2010 రెండేళ్లలోనే దాదాపు 1,800 అనుమానిత నకిలీ కేసులు బయటపడ్డాయి. వాటిలోని విడి భాగాలు పది లక్షలకు పైనే. లోతుగా తవ్విన కేసుల్లో 70 శాతానికి మించి చైనాకు చేరాయి. సీ-130జే రవాణా విమానం డిస్‌ప్లేలోని మెమరీ చిప్పులు, పీ-8 నిఘా విమానంలో మంచును పసిగట్టే యూనిట్, ఎస్‌హెచ్-60బీ హెలికాప్టర్ రాత్రి కెమెరా భాగాలు ఆ జాబితాలో ఉన్నాయి. మొదటి రెండు రకాల విమానాలూ భారత్ దగ్గరా ఉన్నాయి గనక ఈ నివేదిక మన పాఠకులకు పరాయిది కాదు, పరిశీలించినవి అమెరికా విమానాలే అయినా. శత్రు క్షిపణులను కూల్చే థాడ్ క్షిపణుల కంప్యూటర్లలో చేరిన అనుమానిత మెమరీ చిప్పులను మార్చడానికి దాదాపు 27 లక్షల డాలర్లు ఖర్చయింది.

నకిలీ చిప్పు అంటే ఎవరో లోపల బొమ్మ గీసి పెట్టింది అనుకుంటారు. చాలావరకు అది నిజమైన చిప్పే, కాకపోతే వాడి పారేసినది. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఒకప్పటి గుయూ లాంటి ఊళ్లకు చేరిన ఎలక్ట్రానిక్ చెత్త బోర్డులను మంట మీద వేడిచేసి, సీసం కరగగానే చిప్పులను దులుపుతారు. వాటిని నీళ్లలో కడిగి ఆరబెడతారు. పైనున్న పాత అక్షరాలను గరుకు కాగితంతో రుద్ది, కొత్త నల్లపూత పూసి, కావలసిన నంబరు, కావలసిన తేదీ అచ్చువేస్తారు. మామూలు గ్రేడు చిప్పు సైనిక గ్రేడు అవతారం ఎత్తుతుంది. మామూలు చిప్పు సున్నా నుంచి 70 డిగ్రీల సెల్సియస్ దాకా పనిచేస్తానని హామీ ఇస్తుంది. సైనిక గ్రేడు హామీ మైనస్ 55 నుంచి 125 దాకా. వర్క్‌షాపు బల్ల మీద రెండూ ఒకేలా పలుకుతాయి. పరీక్షలో పాసవుతాయి, సంతకాలు పడతాయి. తేడా తెలిసేది మంచుకొండ మీదనో, ఎండలో కాగిన పెట్టెలోనో. మంటలో కాగి, నీళ్లలో నాని, స్థిర విద్యుత్తుకు గురైన చిప్పు తొలిరోజే ఆగకపోవచ్చు కూడా. ఎప్పుడో ఒకరోజు, కారణం అంతుపట్టకుండా ఆగుతుంది. ఇలాంటి లోపాన్ని పట్టుకోవడమే అన్నింటికన్నా కష్టం.

ఈ చిప్పులు చైనా నుంచి నేరుగా సైన్యానికి వెళ్లవు. సెనేట్ కమిటీ హెలికాప్టర్ కెమెరా భాగాల దారి తవ్వుతూ పోతే, అమెరికాలో ఒక ఉప కాంట్రాక్టరు నుంచి ఇంకొకరికి, ఒక ట్రేడరు నుంచి ఇంకో ట్రేడరుకు, అక్కడినుంచి ఇంగ్లండ్‌కు, చివరకు షెన్‌జెన్‌కు చేరింది. ఆ గొలుసులో ఎక్కువమంది తాము మోసం చేస్తున్నామని అనుకుని ఉండరు. పక్కవాడి మాట నమ్మారు, కాగితం అడగలేదు.

జీఏఓ 2012లో ఇదే విషయాన్ని మరో తీరులో రుజువు చేసింది. లేని కంపెనీ ఒకటి సృష్టించి, ఇంటర్నెట్ వేదికల్లో 16 భాగాలు కొన్నది. ఏడు అరుదైన లేదా ఆగిపోయిన భాగాలు. ఐదింటికి అసలు కంపెనీ ఉత్పత్తి ఆపేసిన తర్వాతి తేదీ వేసిమ్మని అడిగారు. నాలుగింటి నంబర్లు ఊరికే కల్పించినవి, అలాంటి భాగాలు ప్రపంచంలో ఎక్కడా లేవు. పదహారుకు పదహారూ వచ్చాయి. ఒక్కటీ అసలైనది కాదు. పుట్టని భాగాన్ని కూడా డబ్బిస్తే అమ్మే మార్కెట్ అది. విడిభాగాల అన్వేషణలో ఉన్న ఎవరైనా గోడకు తగిలించుకోవలసిన ఫలితం ఇది. అరుదైన వస్తువు అడిగిన వెంటనే 'స్టాకుంది' అన్న జవాబు వస్తే, సంతోషం కంటే ముందు అనుమానం కలగాలి.

చట్టం కదిలింది. 2011 డిసెంబరు 31న సంతకమైన రక్షణ చట్టంలోని 818వ సెక్షన్, నకిలీ భాగాల భారాన్ని కాంట్రాక్టరు మీద మోపింది. నకిలీ చేరితే దాన్ని తీసి మార్చే ఖర్చు సర్కారు పెట్టదు. తెలిసి నకిలీ సైనిక సరుకు అమ్మినవారికి తొలి నేరానికే 20 ఏళ్ల దాకా జైలు. 2014, 2016లలో వచ్చిన కొనుగోలు నిబంధనలు క్రమం చెప్పాయి: ముందు అసలు తయారీదారు, లేదా వారి అధీకృత పంపిణీదారు. అక్కడ లేకపోతేనే మిగతావారు, అదీ పరీక్షలతో. ఆ పరీక్షలంటే పైపూతను ద్రావకంతో తుడవడం, ఎక్స్‌రే తీయడం, కొన్నింటి మూత తెరిచి లోపలి సిలికాన్‌పై ఉన్న గుర్తు చదవడం. 2012 నవంబరు నుంచి అమెరికా డిఫెన్స్ లాజిస్టిక్స్ ఏజెన్సీ తనకు అమ్మే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ల మీద మొక్కల డీఎన్‌ఏ కలిపిన గుర్తు వేయమని కూడా అడిగింది. వంశం నిరూపించుకోవడానికి చిప్పుకు అక్షరాలా డీఎన్‌ఏ పూశారన్నమాట.

పేరున్న బ్రాండ్ అన్న ధీమా కూడా చాలదని 2024 సెప్టెంబరు చూపింది. 17న లెబనాన్‌లో పేజర్లు, మర్నాడు వాకీటాకీలు పేలాయి. ఆ వాకీటాకీల మీద ఉన్నది జపాన్ కంపెనీ ఐకామ్ పేరు, ఐసీ-వీ82 మోడల్. ఆ మోడల్‌నూ దాని బ్యాటరీలనూ దాదాపు పదేళ్ల కిందటే ఆపేశామని ఐకామ్ ప్రకటించింది. ఆగిపోయిన మోడల్, బ్యాటరీలో దాచిన పేలుడు పదార్థం, చేతులు మారిన సరుకు. ఇక్కడ ఎవరి పక్షం అన్న ప్రశ్న పక్కనపెట్టినా, సరఫరా గొలుసులో ఒక లంకె తెలియకపోతే ఏం జరుగుతుందో అర్థం చేసుకోవడానికి ఇంతకుమించిన ఉదాహరణ అక్కర్లేదు. నకిలీ అంటే పనిచేయని భాగం ఒక్కటే అనుకునే రోజులు పోయాయి.

సరిహద్దు దాటే భాగం

విడిభాగం అసలైనదే అయినా అందరికీ అమ్మరు. అమెరికాలో సైనిక ఎలక్ట్రానిక్స్ ఎగుమతిని ఐటార్ నిబంధనలు నియంత్రిస్తాయి, ఆయుధ జాబితాలో వాటిది పదకొండో వర్గం. 2014 చివరి నుంచి చాలా చిన్న భాగాలను వాణిజ్యశాఖ జాబితాకు మార్చారు, అక్కడా లైసెన్సు మాట ఉండనే ఉంది. ఐటార్ దృష్టిలో ఎగుమతి అంటే పెట్టె ఓడెక్కడం ఒక్కటే కాదు. ఆ రేడియో డ్రాయింగును అమెరికాలోనే ఉన్న విదేశీయుడికి చూపించినా ఎగుమతే. హెచ్-1బీ వీసా మీద ఉన్న తెలుగు ఇంజినీర్లకు రక్షణ కంపెనీల ప్రకటనల్లో 'యూఎస్ పర్సన్స్ మాత్రమే' అన్న షరతు ఎదురయ్యేది అందుకే. గ్రీన్‌కార్డు వస్తే ఆ తలుపు తెరుచుకుంటుంది, అప్పటిదాకా తెరవకపోవడంలో వ్యక్తిగత వివక్ష ఏమీ లేదు. అమెరికాలో మిగులు సరుకుగా దొరికిన సైనిక రేడియో భాగాన్ని ఇంటికొచ్చేటప్పుడు సూట్‌కేసులో వేసుకురావడం అక్కడి చట్టం ప్రకారం నేరమయ్యే అవకాశముంది. మన దేశంలో అనుమతి లేని ఉపగ్రహ ఫోనుతో విమానాశ్రయంలో పట్టుబడ్డవారి మీద కేసులు నమోదవుతూనే ఉన్నాయి.

భాగాలు నిరాకరిస్తే ఎలా ఉంటుందో భారత్‌కు అనుభవమే. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టినప్పుడు నౌకాదళపు సీకింగ్ హెలికాప్టర్లు విడిభాగాల్లేక నేలకు అతుక్కున్నాయి. అవి బ్రిటన్‌లో తయారైనవి, వాటిలోని భాగాలు అమెరికావి. దేశం పేరు చూసి కొంటే చాలదని, లోపలి భాగం ఏ దేశపు అనుమతితో వస్తుందో చూడాలని అప్పుడే తేలింది. హైదరాబాద్‌లోని క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్, క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ పేర్లు అమెరికా నియంత్రణ జాబితా నుంచి 2011 జనవరి దాకా తొలగలేదు. ఉపగ్రహ రేడియోల సంగతికొస్తే, అమెరికా నుంచి కొన్న సీ-130జే, పీ-8ఐ విమానాలు కూడా మొదట్లో అమెరికా రహస్య సంకేత సమాచార పరికరాలు లేకుండా, వాణిజ్య పరికరాలతోనే వచ్చాయి. 2018 సెప్టెంబరు 6న ఢిల్లీలో భారత్, అమెరికాల మధ్య సైనిక సమాచార భద్రత ఒప్పందం కామ్‌కాసా కుదిరాకే ఆ పరికరాలకు మార్గం ఏర్పడింది. ఒప్పందంతో పరికరం వచ్చింది, దాంతోపాటు దాని విడిభాగాలకు ఎప్పటికీ వాషింగ్టన్ వైపు చూసే అవసరమూ వచ్చింది. ఆ లాభనష్టాలు తూచుకునే సంతకం చేశారని అనుకోవాలి.

దేశంలో జరుగుతున్న పని చిన్నదేమీ కాదు. 2020 ఆగస్టులో రక్షణశాఖ ప్రారంభించిన సృజన్ పోర్టల్, విదేశాల నుంచి తెప్పించుకుంటున్న భాగాలను ఒక్కొక్కటిగా ప్రదర్శించి, ఎవరు చేయగలరో ముందుకు రమ్మంటోంది. చిన్న కనెక్టర్లు, తీగలు, పెట్టెల వరకు ఇది మంచి పద్ధతి. తెలుగు నేలకు ఈ రంగంలో సొంత పాత్ర ఉంది. విశాఖపట్నం, హైదరాబాద్ కేంద్రాలుగా పనిచేసే అవాంటెల్ నౌకాదళానికి ఉపగ్రహ సమాచార పరికరాలు చేస్తుంది. హైదరాబాద్‌లోని ఆస్ట్రా మైక్రోవేవ్ రేడియో పౌనఃపున్య భాగాలు చేస్తుంది. అన్నింటికన్నా తక్కువ మాట్లాడుకునేది గేటెక్ గురించి. హైదరాబాద్‌లోనే ఉన్న ఈ డీఆర్‌డీఓ కేంద్రం గాలియం ఆర్సెనైడ్ మైక్రోవేవ్ చిప్పులు చేస్తుంది, ఉపగ్రహ రేడియోలో సంకేతాన్ని పెంచే, మార్చే పనులకు పనికొచ్చే తరగతివి. సంఖ్యలో ప్రపంచపు పెద్ద ఫ్యాక్టరీలతో పోలికే లేదు. కానీ ఇక్కడ పుట్టిన చిప్పు ఎక్కడిదని ఎవరినీ అడగక్కర్లేదు. పుట్టుపూర్వోత్తరాలకు ఇంత విలువ ఉన్న రంగంలో ఆ ఒక్క గుణం కోసమైనా ఇలాంటి కేంద్రాలకు డబ్బు, మనుషులు, నిలకడైన ఆర్డర్లు అందాలి. ఆర్డర్లు ఆగితే ఏమవుతుందో 2003లో బ్యాటరీ చూపించింది.

ఇటీవల మన దేశ రక్షణ రంగంలోనూ ఈ ప్రశ్న మొదలైంది. చైనా భాగాలున్నాయన్న కారణంతో సైన్యం 2025లో కొన్ని డ్రోన్ల ఒప్పందాలు రద్దు చేసుకుంది. పైన స్వదేశీ ముద్ర, లోపల ఎవరి బోర్డో తెలియని పరిస్థితి. కొనుగోలు పత్రంలో ప్రతి భాగం జన్మస్థలం రాయమనడం ఇకపై మామూలు షరతు కావలసిందే. రాసినదాన్ని నమ్మడం కంటే తెరిచి చూడగల ప్రయోగశాలలు కూడా కావాలి. ఎక్స్‌రే యంత్రం, మూత తెరిచే ఆమ్లం, ఆ చిప్పు లోపలి గుర్తును చదవగల కళ్లు లేకపోతే ఆ షరతు మరో కాగితంగానే మిగిలిపోతుంది.

2025 నవంబరు 2న శ్రీహరికోట నుంచి నౌకాదళం కోసం సీఎంఎస్-03 ఉపగ్రహం ఎగిరింది. సుమారు 4,400 కిలోల బరువు, కనీసం 15 ఏళ్ల సేవ లక్ష్యం. కక్ష్యలోకి చేరాక దాన్ని బాగుచేసే వీల్లేదు, అందుకే కీలకమైన భాగాలను ముందే రెండేసి అమర్చి పంపుతారు. ఓడల మీదా ఒడ్డు మీదా దానితో మాట్లాడే టెర్మినళ్లకు ఆ ఏర్పాటు ఉండదు. వాటిలోని చిప్పుల్లో కొన్నింటికి 2040 రాకముందే చివరి ఆర్డరు నోటీసు వస్తుంది. ఆ నోటీసు ఎవరి బల్ల మీద పడాలో, ఎంత కొనాలో తేల్చే లెక్క ఎవరు వేయాలో, కొన్నవాటిని ఏ గోదాంలో ఎంత తేమలో దాచాలో రాసిపెట్టుకోవలసిన సమయం ఇప్పుడే.